పరుగు ఎవరి కోసం, ఏ నెల్లో, ఎంత దూరం? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళకి నా సలహా

ఏదో ఒక జబ్బు వాళ్ళకి సాయంగా లాంగ్ రన్ చేద్దామనుకునే వాళ్ళు మన వైపు ముందు అడిగేది ఒకటే, "అన్నా, హాఫ్ మారథాన్ చెయ్యనా ఫుల్ మారథాన్ చెయ్యనా?" అని. సరే గానీ ఎవరి కోసం చేస్తుండావు, ఏ నెల్లో పరిగెత్తబోతుండావు అంటే మాత్రం నీళ్లు నములుతారు. నా లెక్కలో ఈ వరుస తిరగబడాల. ముందు ఎవరి కోసమో తేలాల, తర్వాత ఏ నెలో తేలాల, కిలోమీటర్ల సంగతి ఆఖర్న. ఎందుకంటే డబ్బులిచ్చే వాళ్ళెవరూ టేపు పెట్టి కొలిచి ఇవ్వరు. మీ మేనమామ మీరు 42 పరిగెత్తితే నాలుగు వేలు, 10 పరిగెత్తితే వెయ్యి ఇస్తాడా ఏంది? ఆయన చూసేదల్లా ఈ డబ్బు ఎవరి చేతికి పోతాది, అసలు పోతాదా లేదా అని. అది గట్టిగా చెప్పగలిగితే 10 కిలోమీటర్లకి కూడా ఇస్తాడు, చెప్పలేకపోతే మీరు కాశీ దాకా పరిగెత్తినా ఇవ్వడు.

ఎవరి కోసం

మన రెండు జిల్లాల్లో నాకు కళ్ళ ముందు కనపడేవి నాలుగు. డయాలసిస్ వాళ్ళు, ఫ్లోరైడ్ నీళ్ల ఊర్లు, తలసేమియా పిల్లలకి రక్తం, క్యాన్సర్. అన్నీ మంచివే, కాదనేది లేదు, కాకపోతే మీరు పోగు చెయ్యగలిగేది యాభై వేలో లక్షో అయినప్పుడు ఆ డబ్బు ఏడ పెడితే పని జరిగినట్టు తెలుస్తాదో చూసుకోవాల గదా.

డయాలసిస్ సంగతి చెప్తా. వారానికి రెండు మూడు సార్లు పోవాల, పోయిన ప్రతిసారీ మిషన్ మీద నాలుగు గంటలు. వైద్యం ఖర్చు కార్డున్న వాళ్ళకి గవర్నమెంటు వైద్యసేవ పథకంలో పోతాది, పెన్షన్ కూడా వస్తాది, అందుకని చాలామంది "అంతా గవర్నమెంటే ఇస్తుంది గదా, ఇంకా మనమేం ఇచ్చేది" అంటారు. అసలు కష్టం దారిలో ఉంటాది. సెంటరున్న ఊరికి దూరంగా పల్లెల్లో ఉండే వాళ్ళకి తెల్లారుజామున ఆటో, ఆ తర్వాత బస్సు, తిరిగొచ్చేటప్పుడు నీరసానికి బస్సెక్కలేక మళ్ళీ ఆటో, తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. ఇది వారానికి రెండు మూడు సార్లు చొప్పున ఏళ్ల తరబడి.

మా చుట్టాల్లో ఒకాయన ఉండాడు డయాలసిస్ మీద. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చేదానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు), దాని మీద వేలు పెడితే లోపల రక్తం జుమ్మని పోతుండటం తెలుస్తాది, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనీడు, కూరగాయల సంచి కూడా తగిలించుకోడు, నిద్దర్లో ఆ పక్కకి తిరగడు. పొద్దన్నే ఒక బాటిల్‌లో ఆ రోజు నీళ్లు కొలిచి పోసుకుంటాడు, మాత్రలకైనా అందులోంచే, సాయంత్రానికి బాటిల్ అడుక్కొచ్చి దప్పికైతే ఐసు ముక్క ఒకటి నోట్లో పెట్టుకొని చప్పరిస్తా కూర్చుంటాడు. లాంగ్ రన్ నుంచి వచ్చి మనం గటగటా లేపేసే నీళ్లు ఆయనకి రోజంతటికీ సరిపెట్టుకోవాల్సినవి. అందుకే నన్నడిగితే చిన్న మొత్తానికి ఇదే మొదటిది, ఒక సెంటరుకి వచ్చే ఓ పది మంది రానుపోను చార్జీలు ఆరు నెలలు కట్టగలిగితే ఎవరికిచ్చాం, ఎంతిచ్చాం అని పైసలతో సహా చెప్పొచ్చు.

ఫ్లోరైడ్ మనది, పాతది. దేశంలో ఈ జబ్బు మొదట బయటపడిందే అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో డాక్టర్లు రిపోర్టు రాశారు, అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు కిందే గదా, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు అని మన స్టాండర్డ్. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాది, మామూలు క్యాండిల్ ఫిల్టర్‌తో కూడా పోదు, ఆర్వో అయితే పోతాది. కాబట్టి అందరికీ తోచేది ఆర్వో ప్లాంటు పెట్టిద్దామనే. ఈడే నా అభిప్రాయం వేరు. ప్లాంటు పెట్టేటప్పుడు రిబ్బను కట్ చేసేదానికి బోల్డంత మంది వస్తారు, మెంబ్రేన్ (నీళ్లు వడపోసే పొర) పోయి మూలన పడినప్పుడు ఒక్కడూ రాడు. కొత్తది పెట్టే బదులు మీకు తెలిసిన ఊర్లో ఆగిపోయిన ప్లాంటు ఏదన్నా ఉంటే దానికి మెంబ్రేన్ మార్పించి, ఏడాది మెయింటెనెన్స్ కట్టి, నీళ్లు టెస్ట్ చేయించిన కాగితం ప్లాంటు గోడకి అంటించండి. పేరు రాదు, నీళ్లు వస్తాయి.

ఇంకో మాట, ఫ్లెక్సీ మీద "ఫ్లోరైడ్ వల్ల కిడ్నీలు పోతున్నాయి" అని రాసేస్తుంటారు, అట్టా రాయొద్దు. ఫ్లోరైడ్‌తో పళ్లు, ఎముకలు దెబ్బతినేది ఖాయం. కిడ్నీ పాడవడానికి పెద్ద కారణాలు షుగరు, బీపీ. రెండూ కలిపి భయపెడితే షుగరున్నోడు నాది నీళ్ల దోషమేలే అనుకొని మాత్రలు మానేస్తాడు.

తలసేమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాల. దానికి డబ్బు కన్నా రక్తమే కావాల. మీ గ్రూపులో జనం ఉండి డబ్బు లేకపోతే ఇదే మంచిది, పరుగుకి ఫీజు బదులు ఒక యూనిట్ రక్తం అని పెట్టండి. నెల్లూరు రెడ్ క్రాస్‌కి బ్లడ్ బ్యాంకు ఉండాది, వాళ్ళని ముందే కలిస్తే క్యాంపు తేదీ ఇస్తారు. పరిగెత్తిన రోజే రక్తం ఇచ్చేది మాత్రం వద్దు, ఒళ్ళు ఎండిపోయుంటాది, పడిపోతారు. పరుగుకి ఒక వారం తర్వాత పెట్టుకోండి. ఇంక క్యాన్సర్‌కి ఒక మనిషి వైద్యానికే లక్షలు కావాల, మీ యాభై వేలు అందులో ఏ మూలకి పోయిందో మీకే తెలీదు, అందుకని నేను దాన్ని పెద్ద గ్రూపులకి వదిలేస్తా.

డబ్బు ఎట్టా పోగు చెయ్యాల

మూడు దార్లున్నాయి. పెద్ద మారథాన్లలో చారిటీ బిబ్ (బిబ్ అంటే ఛాతీకి పెట్టుకునే రేసు నంబరు) తీసుకోవడం, ఆన్‌లైన్‌లో పేజీ పెట్టడం, లేదంటే ఒక నికరమైన ట్రస్టుని మాట్లాడుకొని డబ్బు నేరుగా వాళ్ళ అకౌంటుకే వేయించడం.

చారిటీ బిబ్ అంటే ముంబై మారథాన్ లాంటి వాటిల్లో ఉంటాది, ఇంత పోగు చేస్తామని ఒప్పుకుంటే ఎంట్రీ ఇస్తారు. ఎంట్రీ దొరకని రేసులో దొరుకుతాది, అదీ దాని లాభం. కాకపోతే అనుకున్నంత పోగవకపోతే మిగతాది మన జేబులోంచి కట్టాల్సి రావచ్చు, పైగా డబ్బు పోయేది వాళ్ళ లిస్టులో ఉన్న సంస్థలకే, మన ఉదయగిరికో కనిగిరికో చేరేది కష్టం. ఆన్‌లైన్ పేజీ తేలిక, అమెరికాలో ఉన్న వాళ్ళు కూడా ఒక్క నొక్కుతో పంపిస్తారు, కానీ కట్టేటప్పుడు "టిప్పు" అని ఒకటి ముందే టిక్ పెట్టి ఉంటాది, అది చూసుకొని తీసేయమని మీ వాళ్ళకి చెప్పండి.

నా ఓటు మూడో దానికి. మీ సొంత ఫోన్‌పే నంబరుకి మాత్రం పొరపాటున కూడా వేయించుకోవద్దు. మీరు ఎంత నిజాయితీపరులైనా సరే. అట్టా వేయించుకొని మీరు ట్రస్టుకి కడితే రసీదు మీ పేరు మీద వస్తాది, ఇచ్చినోళ్ళకి ఏమీ రాదు. విరాళానికి ట్యాక్సు తగ్గింపు గుర్తింపు (80జీ అంటారు) ఉన్న ట్రస్టుకి నేరుగా కడితే ఇచ్చినోళ్ళ పేరు మీదే సర్టిఫికెట్ వస్తాది, ట్యాక్సులో తగ్గింపు దొరుకుతాది, అదీ పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్న వాళ్ళకే, క్యాష్‌గా 2,000 మించి ఇస్తే లెక్కలోకి రాదు. రేసు ఎంట్రీ ఫీజు డొనేషన్ కిందకి రాదు, అదొకటి అడుగుతుంటారు.

మన వైపు ఇంటికొకరు ఫారిన్‌లో ఉంటారు కాబట్టి ఇది కూడా చెప్పాల. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలు బ్యాంకు ద్వారా పంపిస్తే ఇబ్బంది లేదు. ఆ దేశం పాస్‌పోర్ట్ వచ్చేసిన వాళ్ళు, ఓసీఐ కార్డు వాళ్ళతో సహా, పంపిస్తే అది విదేశీ విరాళం కిందకి వస్తాది, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాల. చిన్న ట్రస్టులకి ఆ అనుమతి ఉండదు. మీ బాబాయి కొడుకు ప్రేమగా వెయ్యి డాలర్లు పంపించి ఆ ట్రస్టుని చిక్కుల్లో పెట్టకముందే అడగండి, అన్నా నీది ఏ పాస్‌పోర్టు అని.

ఏ నెల

మన వాతావరణానికి ఇదే అసలు ప్రశ్న. రేసు రోజు చల్లగా ఉంటే చాలనుకుంటారు, రేసుకి ముందు నాలుగు నెలలు మీరు పరిగెత్తేది ఈడే గదా.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. దానికి ప్రాక్టీస్ ఏప్రిల్ నుంచి జూలై దాకా, అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తె నడిమధ్యలో పడతాది. నెల్లూర్లో మే నెలలో తెల్లారుజామున 5 గంటలకి కూడా ఉక్క ఉక్కగానే ఉంటాది, చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పొదిలి, మార్కాపురం వైపు ఇంకో రకం, ఆడ గాలి పొడి, చెమట పట్టినట్టే తెలీదు, ఇంటికొచ్చి చూస్తే టీషర్టు మీద తెల్లగా ఉప్పు. దీనికి తోడు హైదరాబాద్ రూట్ అంతా ఫ్లైఓవర్లు, ఎక్కుడు దిగుడు, మనదేమో బల్లపరుపు నేల. మొదటిసారి పరిగెత్తే వాళ్ళకి నేనైతే ఇది చెప్పను, హైదరాబాదే పోవాలని మోజుంటే 10 కిలోమీటర్ల దాంట్లో చేరండి.

చెన్నై మారథాన్ జనవరి మొదట్లో. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు, రైలెక్కితే మూడు గంటలు, ఒంగోలు నుంచైనా పగటిపూట పోయి బిబ్ తెచ్చుకొని త్వరగా పడుకోవచ్చు, తెల్లారకముందే మొదలెడతారు కాబట్టి ముందు రోజే చేరాల. రూట్ బల్లపరుపు, ఉక్క మనకి అలవాటైనదే. చిక్కల్లా ప్రాక్టీస్ ముమ్మరంగా సాగాల్సిన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ల్లోనే మనకి వానలు, నెల్లూరుకి ఏడాది వానలో జాస్తి భాగం ఈ మూడు నెలల్లోనే. 2021 నవంబర్లో పెన్నా ఎట్టా పొంగిందో, 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపాను ఏం చేసిందో చూసినోళ్ళమే. అయినా సరే నేను దీనికే ఓటేస్తా, ఎందుకంటే మామూలు వాన చల్లగా ఉంటాది, వాన్లో పరిగెత్తొచ్చు, ఎండలో పరిగెత్తలేం. తుపాను వారం వస్తే ఆ వారం పోయిందనుకోండి, ముందే ప్లాన్‌లో రెండు వారాలు ఖాళీ పెట్టుకుంటే సరి. ఉరుములు మెరుపులున్న రోజు, రోడ్డు మీద నీళ్లు పారే రోజు మాత్రం గడప దాటొద్దు, ఆ నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికి తెలుసు.

వైజాగ్ నేవీ మారథాన్ ఏడాది చివర్లో వస్తాది, బీచ్ రోడ్డు బాగుంటాది, కాకపోతే రాత్రంతా రైలు ప్రయాణం. ముంబై జనవరి మూడో ఆదివారం, పేరు పెద్దది, ఖర్చూ పెద్దదే, పైగా ఫుల్‌కి, హాఫ్‌కి ఇంతకుముందు పరిగెత్తిన టైమింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. మొదటిసారికి అనవసరం.

ఇవేవీ వద్దు, మన ఊర్లోనే సొంతంగా పెట్టుకుందాం అంటారా, నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కో, ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కో పెట్టుకోవచ్చు, డబ్బులిచ్చిన వాళ్ళు కళ్ళారా చూస్తారు, ఊర్లో నలుగురికీ తెలుస్తాది, పోగయ్యేది కూడా దీంట్లోనే జాస్తి. కాకపోతే పోలీసు పర్మిషన్, ఒక అంబులెన్స్, దారిలో రెండు మూడు కిలోమీటర్లకొక నీళ్ల టేబులు, ట్రాఫిక్ చూసుకునే మనుషులు, ఇవన్నీ మీ నెత్తిన పడతాయి. నలభై మందికి మించితే పరిగెత్తే వాడు వేరు, ఏర్పాట్లు చూసే వాడు వేరుగా ఉండాల, రెండూ ఒకరే చేస్తే రెండూ పాడవుతాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు ఖాయం చేసుకోండి. కిడ్నీ కోసమైతే మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం, దానికి ముందొచ్చే ఆదివారం తెల్లారుజామున 5కి మొదలెట్టి ఎండ రాకముందే ముగిస్తే బాగుంటాది. పరుగు అయినచోట బీపీ, షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ ఎట్టా పని చేస్తుందో తెలిపే రక్తపరీక్ష) పరీక్షలకి టేబులు వేయించారంటే నా దృష్టిలో పోగైన డబ్బు కన్నా అదే జాస్తి పని చేస్తాది.

ఎన్ని కిలోమీటర్లు

ఇప్పుడొచ్చాం అసలు అడిగిన దానికి. ఫుల్ అంటే 42.195, హాఫ్ అంటే 21.1, ఇంక 10కే అంటే 10 కిలోమీటర్లు.

వారానికి మూడు పొద్దులు, ఒక్కోసారి గంటలోపు ఇవ్వగలరా, అయితే 10కే. ఇప్పుడు ఆగకుండా ఐదు కిలోమీటర్లు నడవగలిగితే పది వారాల్లో అయిపోతాది. మొదట్లో రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, మెల్లగా నడక తగ్గించడం. ఉద్యోగం, పిల్లలు, రాత్రి డ్యూటీలు ఉన్న వాళ్ళకి, పోయిన ఏడాది దాకా లిఫ్టు కోసం ఎదురుచూసిన వాళ్ళకి, షుగరు బీపీ ఉన్న వాళ్ళకి నా సలహా ఇదే.

వారానికి నాలుగు పొద్దులు, అందులో ఆదివారం రెండు రెండున్నర గంటలు ఖాళీ అంటే హాఫ్. ముందే 10 కిలోమీటర్లు తేలిగ్గా పరిగెత్తే వాళ్ళకి పద్నాలుగు నుంచి పదహారు వారాలు, మన వైపు తుపాను వారాలు కలిపి పద్దెనిమిది వేసుకోండి. ఆదివారం పరుగుని వారానికొక కిలోమీటరు, ఒకటిన్నర చొప్పున పెంచుకుంటా 17, 18 దాకా తీసుకుపోతే చాలు, మిగతాది రేసు రోజు జనం కేకలే మోస్తాయి. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించాల, ఈ ఒక్కటీ ఎవరూ చెయ్యరు, బాగుంది గదా అని ఆ వారం కూడా పెంచుకుంటా పోతారు, అప్పుడు మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతాది, ఇంక నెల పోయినట్టే.

ఫుల్ సంగతి కొంచెం కటువుగానే చెప్తా. అంతకుముందు రెండు మూడు హాఫ్‌లు సుఖంగా చేసుండాల, ఐదు నెలలు వారానికి నాలుగైదు పొద్దులు ఇవ్వాల, ఆదివారాలు 28, 30, 32 పరిగెత్తాల, ఆ రోజు సాయంత్రం దాకా ఇంట్లో వాళ్ళకి మీరు పనికిరారు. ఒకళ్ళకి సాయం చేద్దామని మొదలెట్టి ఇంట్లో వాళ్ళ చేత తిట్లు తినడం అవసరమా? డబ్బు కోసమైతే ఫుల్ అక్కర్లేదు. మీకే ముచ్చటగా ఉంటే చెయ్యండి, అది మీ ముచ్చట కిందే రాసుకోండి, డయాలసిస్ వాళ్ళ పేరు మీద వేయొద్దు.

స్పీడ్ గురించి ఒక్కటే, పక్కన ఉన్నోడితో పూర్తి మాట మాట్లాడగలగాల. "నిన్న చేపల పులుసు తిన్నాం, మామిడికాయ వేసి చేసింది మా అత్త" అని ఊపిరి తెగకుండా చెప్పగలిగితే అదే మీ స్పీడ్. చెప్పలేకపోతే తగ్గండి. వారంలో ఒక్కరోజు తప్ప మిగతా పరుగులన్నీ ఇట్టానే ఉండాల.

40 దాటినోళ్ళు, షుగరు బీపీ ఉన్నోళ్ళు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన వాళ్ళుంటే, మొదలెట్టకముందే డాక్టర్ దగ్గరికి పోయి బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకోవాల. దీనికి వాదనల్లేవు.

ఏడ ప్రాక్టీస్ చెయ్యాల

స్టేడియం ట్రాక్, రోడ్డు, బీచ్ ఇసుక, జిమ్ ట్రెడ్‌మిల్. నెల్లూర్లో ఏసీ స్టేడియం, ఒంగోల్లో మినీ స్టేడియం లాంటివి మొదటి నెలకి మంచివి, నలుగురుంటారు, కుక్కలు తక్కువ, నీళ్లు పక్కనే. కానీ 400 మీటర్ల ట్రాక్ మీద 10 కిలోమీటర్లంటే 25 రౌండ్లు, ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే ఒక మోకాలి మీదే భారం పడతాది, జనం లేని పూట సగం అయినాక రెండో వైపు తిరగండి. దూరం పెరిగినాక రోడ్డెక్కాల్సిందే, రేసు రోడ్డు మీదే గదా. హైవే మాత్రం వద్దు, 16వ నంబరు హైవే పక్కన పొద్దున పూట లారీలు ఆపి నిద్రపోతుంటారు, వాటి పక్క నుంచి బయటికి రావడం చావుతో చెలగాటమే. మైపాడు రోడ్డులో పొలాలు, రొయ్యల గుంటలు, గాలి బాగుంటాది, రోడ్డుకి కుడి పక్కన ఎదురొచ్చే బండ్లు కనపడేటట్టు పరిగెత్తండి, మెరిసే జాకెట్ వేసుకోండి, చెవుల్లో పాటలు వద్దు. కుక్కలు వెంటపడితే పరిగెత్తొద్దు, ఆగి నడవండి, అవే పోతాయి. కరిస్తే మాత్రం సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఇంజెక్షన్‌కి పోవాల.

బీచ్ అంటే అందరికీ మోజు. మెత్తటి ఇసుకలో పిక్కలు పట్టేస్తాయి, మడమ నరం లాగుతాది, కొత్తవాళ్ళకి పనికిరాదు. అల వెనక్కి పోయినప్పుడు తేలే గట్టి తడి ఇసుక పర్లేదు, అది కూడా సముద్రం వైపు వాలుగా ఉంటాది, ఎంత దూరం పోయారో అంతే దూరం అదే గట్టున వెనక్కొస్తే రెండు కాళ్ళకి సమానం అవుతాది. పదిహేను రోజులకొకసారి సరదాకి పోండి చాలు. తుపాను వారానికీ, మే నెలకీ ట్రెడ్‌మిల్. విసుగే గానీ పని అవుతాది.

షూల గురించి పెద్దగా చెప్పను. వాకింగ్‌కి కొన్నవి వద్దు, పరుగు కోసం చేసినవి మూడు నుంచి ఐదు వేల మధ్య వస్తాయి, వాటికి మించి పెట్టాల్సిన పని లేదు, కార్బన్ ప్లేట్ షూలు మనకి అక్కర్లేదు. సాయంత్రం పూట కాళ్ళు ఉబ్బి ఉన్నప్పుడు వేసి చూసుకోండి, వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాల. కొత్త షూలతో రేసుకి పోవద్దు.

నీళ్లు, నొప్పి మాత్రలు

గంటలోపు పరుగుకి మామూలు నీళ్లు చాలు. గంట దాటితే ఓఆర్‌ఎస్, లేదా మనకి గూడూరు, పొదలకూరు నిమ్మకాయలకి కొదవా, నిమ్మకాయ పిండి ఉప్పు చక్కెర వేసుకున్న నీళ్లు. దప్పికని బట్టి తాగాల. భయంతో ప్రతి టేబులు దగ్గరా ఉత్త నీళ్లు లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో ఉప్పు పడిపోతాది, తలనొప్పి, వాంతి, తికమక, అదీ ప్రమాదమే. ఎండలో వణుకు పుట్టినా, మాట తడబడినా, పక్కనోడు ఏం అడిగినా సంబంధం లేకుండా జవాబు చెప్తున్నా అది వడదెబ్బ, పరుగు ఆపించి నీడకి చేర్చి ఒళ్ళంతా తడిపి విసరాల, అంబులెన్స్ పిలవాల.

పరుగుకి ముందు పొద్దన్నే ఒక అరటిపండు, లేదా రెండు ఇడ్లీ గంటన్నర ముందు. ముందు రోజు రాత్రి ఎర్రకారం దోశ మానుకోండి, దోశ బాగుంటాది, ఆరో కిలోమీటర్ దగ్గర బాగుండదు.

ఇంక ముఖ్యమైనది. నొప్పి వస్తాదేమోనని పరుగుకి ముందే బ్రూఫెన్, డైక్లో మాత్రలు వేసుకునే వాళ్ళు ఉండారు, గ్రూపుల్లో ఒకరికొకరు పంచుకుంటారు కూడా. చెమటకి ఒళ్ళు ఎండిపోయుండి కిడ్నీకి రక్తం తగ్గే టైంలో ఈ మాత్రలు దానికి వచ్చే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి, కిడ్నీ దెబ్బతినొచ్చు. కిడ్నీ వాళ్ళ కోసం టీషర్టు వేసుకొని పరిగెత్తతా మన కిడ్నీ మీదకే తెచ్చుకోవడం ఏం తెలివి? మాత్ర లేకుండా పరిగెత్తలేనంత నొప్పి ఉంటే ఆ రోజు పరుగు లేదంతే. పరుగయినాక మూత్రం కాఫీ రంగులో వస్తే ఇంటికి పోకుండా నేరుగా ఆసుపత్రికి పోవాల.

రేసుకి వారం ముందు దెబ్బ తగిలితే ఏం చెయ్యాలని కూడా అడుగుతుంటారు, పోగైన డబ్బు తిరిగియ్యాలా అని. అక్కర్లేదు, డబ్బిచ్చిన వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి, కాలు బాగోలేదు, మీ డబ్బు మాత్రం ఫలానా ట్రస్టుకి చేరింది, ఇదిగో లెక్క అని, ఒక్కరు కూడా ఏమనరు. ఈ ఏడాది 10కే నడిచి ముగించినా పర్లేదు. మీ బిబ్ మాత్రం తమ్ముడికో ఫ్రెండుకో ఇచ్చి పంపించొద్దు, ఆ నంబరు కింద రాసుండేది మీ పేరు, మీ బ్లడ్ గ్రూపు, మీ ఇంటి ఫోను. దారిలో వాడు పడిపోతే ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసేది మీ ఆవిడకి, చూసుకునేది మీ బ్లడ్ గ్రూపు.